చాట్ గుట్టల కింద క్వాపా నేల
(విషమైన భూమిని తామే శుభ్రం చేసుకుంటున్న ఒక ఆదివాసీ జాతి చరిత్ర)

మన సంచికల్లో జల్, జంగల్, జమీన్ అన్న మాట లేని పేజీ ఉండదు. జోడేఘాట్ గుట్టల్లో కొమరం భీం ఎత్తిన ఆ నినాదం మన పిల్లలకు ఉగ్గుపాలతోనే అందుతోంది. నీరు, అడవి, నేల మనవి కావాలన్నది దాని సారం. అయితే అవి పాడైపోయి మన చేతికొస్తే ఏం చెయ్యాలి? వాగు ఎర్రగా పారుతుంటే, చేనులో సీసం కలిసి ఉంటే, పట్టా చేతిలో ఉన్నా ఆ నేల మీద పిల్లల్ని ఆడుకోనివ్వలేకపోతే ఏమిటి దారి?

ఈ ప్రశ్నను నిజంగానే ఎదుర్కొన్న ఒక ఆదివాసీ జాతి అమెరికాలో ఉంది. పేరు క్వాపా. గనుల వల్ల విషమైన తమ భూమిని ఆ దేశ ప్రభుత్వం దశాబ్దాల పాటు బాగుచేయలేకపోయింది. అప్పుడు ఆ జాతి తన సొంత పర్యావరణ శాఖతో, తన సొంత మనుషులతో పని మొదలుపెట్టింది. మన పోరాటాల చరిత్ర మీరు చదివారు, వింటున్నారు. పోరాటం తర్వాత మిగిలే పని గురించిన చరిత్ర కూడా మన యువత చేతికి అందాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఏటి దిగువ ప్రజలు

క్వాపాలు తమను తాము ఓగాపా అని పిలుచుకుంటారు. ఏటి వాలున దిగువకు వచ్చినవారు అని అర్థం. మిసిసిపీ, ఆర్కాన్సా నదులు కలిసే చోట వాళ్ల పాత ఊళ్లు ఉండేవి. ఇరుగుపొరుగు తెగలు వాళ్లను పిలిచిన పేరే ఆ నదికీ, తర్వాత ఆర్కాన్సా రాష్ట్రానికీ వచ్చింది. పేరైతే మిగిలింది గానీ నేల మిగలలేదు. 1818 ఒప్పందంతో పెద్ద భాగం పోయింది. 1824 ఒప్పందంతో ఉన్న కాస్తా పోయింది. 1826లో వాళ్లను రెడ్ రివర్ ఒడ్డుకు, కాడో తెగవారి సీమకు తరలించారు. అక్కడ వరదలొచ్చి వేసిన పంట వేసినట్టే కొట్టుకుపోయింది. ఆకలికి చాలామంది చనిపోయారు. బతికినవాళ్లలో కొందరు తిరిగి పాత ఊళ్ల దారి పట్టారు.

1833లో మరో ఒప్పందం జరిగింది. ఈసారి ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రం ఈశాన్య మూల, ఒట్టావా కౌంటీ ప్రాంతంలో సుమారు 96,000 ఎకరాలు చూపించారు. ఇక కదిలించబోమని మాట ఇచ్చి ఇచ్చిన నేల అది. ముంపు ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లిన మన గోదావరి గట్టు కుటుంబాలకు ఈ కథ కొత్తగా అనిపించదు.

పట్టాలు, లీజులు

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీల ఉమ్మడి భూములను మనిషికింత అని పంచడం మొదలుపెట్టింది. పంచగా మిగిలిన నేలను 'మిగులు భూమి' అని పేరు పెట్టి తెల్లవారికి తెరిచేసింది. ఈ ఎత్తును క్వాపాలు ముందే పసిగట్టారు. 1893లో తమ మండలిలో తామే కూర్చుని మనిషికి 200 ఎకరాల చొప్పున పంచుకున్నారు. తర్వాత మరో 40 ఎకరాలు కలిపారు. మిగులు అన్నదే లేకుండా చేశారు. 1895లో అమెరికా కాంగ్రెసు ఆ పంపకాన్ని ఆమోదించింది. కాగితం మీద చూస్తే ఇది గెలుపే.

కానీ 1897లో వచ్చిన చట్టం ఆ భూములను గనులకు లీజుకు ఇవ్వడానికి తలుపు తెరిచింది. 1905లో క్వాపా భూముల్లో సీసం, జింకు ఖనిజం దొరికింది. ఆ తర్వాత జరిగింది మనకు బాగా తెలిసిన తంతే. చాలామంది క్వాపా యజమానులను 'తమ వ్యవహారాలు తాము చూసుకోలేనివారు' అని ప్రభుత్వం ముద్ర వేసింది. వాళ్ల తరఫున లీజుల మీద నిర్ణయాలు అధికారులవి. కొందరికి రాయల్టీ డబ్బు బాగానే వచ్చింది. ఇంకొందరిని సంరక్షకుల పేరుతో వచ్చినవాళ్లు దోచుకున్నారు. ఎవరికి ఎంత వచ్చినా, గని మూతపడ్డాక నేలను ఏ స్థితిలో అప్పగించాలన్న ప్రశ్న మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

పిచర్ పట్నం

1913, 1914 ప్రాంతంలో క్వాపా భూముల నడుమ గొప్ప ఖనిజ పొర బయటపడింది. దాని మీద పిచర్ అనే పట్నం రాత్రికి రాత్రి లేచింది. 1926 నాటికి అక్కడ జనాభా 14,000 దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన సీసం, జింకులో సగానికి పైగా ఈ ప్రాంతం నుంచే వెళ్లిందని చెబుతారు. తూటాల్లోకి సీసం పోయింది. తవ్వగా మిగిలిన రాయి మాత్రం క్వాపా నేల మీదే ఉండిపోయింది.

తవ్విన రాయిలో లోహం కొంచెమే. ఖనిజాన్ని వేరు చేశాక మిగిలిన చిన్న కంకరను అక్కడివాళ్లు చాట్ అంటారు. మనం సంతలో తినే చాట్ అనుకునేరు, ఇది వేరు. మణుగూరు, ఇల్లందు వైపు తమ్ముళ్లకు ఓబీ గుట్టలు తెలుసు కదా, అలాంటివే అనుకోండి. కొన్ని 200 అడుగుల దాకా లేచాయి. ఆ గుట్టల్లో సీసం, జింకు, కాడ్మియం మిగిలే ఉన్నాయి. వాటి సన్నని పొడి గాలికి లేచి ఊరంతా పడేది. పిల్లలు వాటి మీద జారుడుబల్ల ఆడుకున్నారు. జనం ఆ కంకరనే తెచ్చి ఇళ్ల ముందు పరిచారు, రోడ్లకు వేశారు, పిల్లల ఇసుక గుంటల్లోనూ పోశారు. ఉచితంగా దొరికేది, చూడ్డానికి శుభ్రంగా ఉండేది. అందులో ఏముందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

మోటార్లు ఆగాక

1960ల చివరికి, 1970ల మొదటికి గనులు మూతపడ్డాయి. అప్పటిదాకా లోపల ఊరే నీళ్లను మోటార్లతో తోడేవాళ్లు. పని ఆగింది, మోటార్లూ ఆగాయి. సొరంగాల్లోకి నీరు మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది.

ఇక్కడ జరిగిన రసాయన చర్యను మన సైన్సు విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇది ఏ దేశపు గనిలోనైనా జరగొచ్చు. భూమి లోపల ఇనుము, గంధకం కలిసిన ఖనిజాలు ఉంటాయి. గాలి తగలనంత కాలం అవి కదలకుండా పడి ఉంటాయి. గని తవ్వితే గాలి తగులుతుంది. తర్వాత నీరు చేరితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం చుట్టూ ఉన్న రాయిలోని ఇనుము, జింకు, కాడ్మియం, సీసాన్ని తనలో కరిగించుకుంటుంది. లోపల ఉన్నంతసేపు ఆ నీరు తేటగానే కనిపించొచ్చు. బయటికి వచ్చి గాలి తగిలాక కరిగిన ఇనుము తుప్పుగా మారి అడుగున పేరుకుంటుంది. వాగు నారింజ రంగులోకి తిరుగుతుంది.

1979 నవంబరులో అదే జరిగింది. పాత బోరు గుంతల గుండా గని నీరు పైకి పొంగి టార్ క్రీక్ అనే వాగులో కలిసింది. చేపలు చచ్చాయి, వంతెనల కాళ్లు ఎర్రబడ్డాయి. 1983లో ఆ ప్రాంతాన్ని, దాదాపు 40 చదరపు మైళ్ల మేర, దేశంలోని అతి కలుషిత స్థలాల జాబితాలో చేర్చారు. ఆ జాబితాలోని చోట్లను బాగుచేయడానికి 1980లో వచ్చిన చట్టాన్ని సూపర్‌ఫండ్ అంటారు. ముందుగా లోతైన తాగునీటి పొరలోకి విషం దిగకుండా పాత బోర్లు పూడ్చారు. వాగు మీద మాత్రం చేతులెత్తేశారు. మనిషి చేసిన ఈ నష్టాన్ని ఇక వెనక్కి తిప్పలేమని కాగితాల మీద రాసుకున్నారు.

ఒక వాగును చనిపోయినదిగా రాసేసే హక్కు ఎవరికి ఉంది? ఆ వాగు ఒడ్డున పుట్టినవాళ్లను అడిగారా? క్వాపా చరిత్రలో మలుపు ఈ ప్రశ్న దగ్గరే వచ్చిందని మేం అనుకుంటున్నాం.

పిల్లల రక్తంలో లెక్క

నీటి మీద చూపు పెట్టిన అధికారులు గుట్టల గురించి చాలాకాలం ఆలోచించలేదు. 1994లో ఆదివాసీల వైద్య విభాగం ఒక లెక్క బయటపెట్టింది. అక్కడ రక్త పరీక్ష చేసిన ఆదివాసీ పిల్లల్లో దాదాపు 34 శాతం మందికి డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి సీసం ఉంది. ఆనాటికి 10 అన్నది ఆందోళన పడాల్సిన గీత. 2021లో ఆ దేశం అదే గీతను 3.5కి దించింది. సీసం పిల్లల మెదడు మీద పనిచేస్తుంది. చదువులో వెనకబడటం, మాట నిలకడ లేకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం దాని గుర్తులు. 'వీళ్లకు చదువు అబ్బదు' అని మాస్టార్లు విసుక్కున్న పిల్లల్లో ఎందరి ఒంట్లో ఈ కంకర పొడి ఉందో!

ఆ లెక్క బయటికి వచ్చాకే ఇళ్ల ముంగిళ్ల మట్టి తవ్వి కొత్త మట్టి పోసే పని మొదలైంది. 2,000కు పైగా ఇళ్లు, ఆట స్థలాల్లో మట్టి మార్చారు. అక్కడి బడిలో పిల్లలకు సలహాలిచ్చే ఉద్యోగంలో ఉన్న చెరోకీ మహిళ రెబెక్కా జిమ్ తన విద్యార్థులను కూడగట్టారు. వాళ్లు వాగు గురించి వ్యాసాలు, కవితలు రాసి పుస్తకం తెచ్చారు. 1997లో లీడ్ ఏజెన్సీ అనే సంస్థ పుట్టింది. ఇంగ్లీషులో లీడ్ అంటే సీసమే, పేరులోనే గుర్తు చేయడమన్నమాట. మీ వయసు పిల్లలు కలం పట్టుకుని మొదలుపెట్టిన పని అది.

పిచర్ పట్నం మాత్రం నిలవలేదు. 2006లో జరిపిన సర్వేలో అక్కడి కట్టడాల్లో 86 శాతం దాకా కింద సొరంగాలున్న నేల మీదే ఉన్నాయని, ఎప్పుడైనా కుంగొచ్చని తేలింది. ప్రభుత్వం ఇళ్లు కొని జనాన్ని పంపించడం మొదలుపెట్టింది. 2008 మే 10న వచ్చిన సుడిగాలి మిగిలిన ఊరిని చాలా వరకు నేలమట్టం చేసింది. 2009లో పట్నం అధికారికంగా రద్దయింది. బయటి నుంచి పని కోసం వచ్చినవాళ్లు పరిహారం తీసుకుని వెళ్లారు. క్వాపాలు ఎక్కడికి వెళ్తారు? అప్పటికే రెండుసార్లు తరిమితే వచ్చి నిలిచిన నేల అది.

ఎవరి తిండి, ఎవరి లెక్క

ఇక్కడే తెగ సొంత పర్యావరణ శాస్త్రజ్ఞుల పని మొదలవుతుంది. అమెరికాలో చాలా ఆదివాసీ జాతులకు ఈ రోజు సొంత పర్యావరణ శాఖలున్నాయి. మట్టి, నీళ్లు, చేపల నమూనాలు తీసేవాళ్లు, మొక్కలు గుర్తుపట్టేవాళ్లు, ప్రభుత్వ నివేదికలు చదివి తప్పులు పట్టేవాళ్లు వాటిలో పనిచేస్తారు. 1986లో సూపర్‌ఫండ్ చట్టాన్ని సవరించినప్పుడు ఆదివాసీ జాతులకు చాలా విషయాల్లో రాష్ట్రాలతో సమానమైన స్థానం ఇచ్చారు. ఆ సందును ఈ శాఖలు వాడుకున్నాయి.

వాళ్లు వేసిన ముఖ్యమైన ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. 'ఇక్కడ బతికే మనిషి రోజూ ఎంత మట్టి మింగుతాడు?' నవ్వు రావచ్చు గానీ, నేలను ఎంత శుభ్రం చేయాలన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. చేతులకంటిన దుమ్ము, కూరలకంటిన మట్టి, గాలిలో ధూళి రూపంలో మనకు తెలియకుండా మట్టి నోట్లోకి పోతుంది. పట్నంలో ఇల్లు, పచ్చిక ముంగిలి ఉన్న పెద్ద మనిషిని ఊహించుకుని ప్రభుత్వం వేసే లెక్క రోజుకు 100 మిల్లీగ్రాములు. కానీ వేటాడే, చేపలు పట్టే, దుంపలు తవ్వే, బుట్టలల్లే, ఆచారంగా ఆవిరి స్నానాలు చేసే మనిషి సంగతేమిటి? క్వాపాలు నిపుణులతో 2008లో తమ సంప్రదాయ జీవన విధానానికే ప్రత్యేకంగా ఒక అంచనా తయారు చేయించుకున్నారు. అలాంటి అంచనాల్లో అదే మట్టి లెక్క 400 మిల్లీగ్రాములు. అంటే నాలుగింతలు.

మనకు అన్వయించి చూడండి. ఇప్పపూలు చెట్టు కింద నేల మీద నుంచే ఏరుకుంటాం. అడవి దుంపలు తవ్వి కాల్చుకుంటాం. వాగు ఇసుకలో చలమ తీసి దోసిలితో నీళ్లు తాగుతాం. ఇల్లు మట్టితో అలుకుతాం. చిన్న చేపలైతే ముల్లుతో సహా తినేస్తాం. పట్నంవాడి లెక్కతో మన వాగును కొలిచి 'ప్రమాదం లేదు' అని ఎవరైనా రాసిస్తే, ఆ కాగితంలో అంకెలు తప్పు కాకపోవచ్చు. కానీ అందులో మనం లేం. మన తిండి తెలిసినవాడు కొలిచే జట్టులో ఉంటేనే ఆ లెక్కలో మనం ఉంటాం.

నలభై ఎకరాల పని

క్వాపా భూమిలో 40 ఎకరాల ఒక ముక్కను కాథలిక్ ఫార్టీ అంటారు. పూర్వం అక్కడ క్వాపా పిల్లల కోసం చర్చివాళ్లు నడిపిన బడి ఉండేది. తర్వాత గనుల చాట్ దాన్ని కప్పేసింది. అక్కడ శుభ్రం చేయాలంటే యంత్రాలు దిగాలి. బయటి కాంట్రాక్టరు దిగితే ఆ పాత పునాదుల విలువ అతనికి తెలుసా? ఎక్కడ ఆగాలో, ఎక్కడ చేత్తో తవ్వాలో తెలుసా? ఆ స్థలం చరిత్ర తమకు తెలుసు కాబట్టి పని తామే చేస్తామని తెగ అడిగింది.

పర్యావరణ రక్షణ సంస్థతో ఒప్పందం కుదిరి 2013 చివర్లో పని మొదలైంది, 2014లో ముగిసింది. లక్ష టన్నులకు పైగా చాట్ తీసి తరలించారు. సూపర్‌ఫండ్ స్థలంలో శుభ్రం చేసే పనిని ఒక ఆదివాసీ జాతి స్వయంగా నడపడం అమెరికాలో అదే మొదటిసారి. ఆ పని చూశాక ఒకదాని తర్వాత ఒకటి మరిన్ని స్థలాలు తెగ చేతికి వచ్చాయి. ఆ తర్వాతి ఏళ్లలో వాళ్లు తరలించిన చాట్ లక్షల టన్నుల్లో ఉంది. ప్రొక్లెయినర్లు, టిప్పర్లు నడిపినవాళ్లలో తెగ మనుషులున్నారు. శుభ్రం చేయడానికి ప్రభుత్వం పెట్టే డబ్బులో కొంత కూలి రూపంలో ఆ నేలవాళ్ల ఇళ్లకే చేరింది.

పని జరిగే తీరు ఇది. ముందు గుట్టను తీస్తారు. తర్వాత దాని కింద నేలను చేతిలో పట్టుకునే ఎక్స్-రే పరికరంతో అక్కడికక్కడే పరీక్షిస్తారు. కిలో మట్టిలో సీసం 500 మిల్లీగ్రాములు, జింకు 1,100, కాడ్మియం 10 దాటితే ఇంకా తవ్వాలి. సీసం మనిషికి విషమని అందరికీ తెలుసు. జింకు ఎందుకంటే, అది మోతాదు మించితే మొక్కలను ఎదగనివ్వదు. అంటే లెక్కలో మనిషితో పాటు గడ్డికీ చోటుంది. తీసిన చాట్ అంతా పారేసేది కాదు. తారులో కలిపి రోడ్డు వేస్తే దాని ధూళి బయటికి రాదు కాబట్టి, ఆ వాడకానికి 2007లో నిబంధనలు వచ్చాయి. చాట్ అమ్మితే నేల యజమానికి నాలుగు డబ్బులొస్తాయి.

నేలకు మళ్లీ ప్రాణం

విషం తీసినంత మాత్రాన నేల నేల కాదు. పై మట్టి పోయాక మిగిలేది గట్టి బంకమన్ను. అందులో పురుగు ఉండదు, వేరు దిగదు. పుట్టగొడుగుల పెంపకంలో వాడి వదిలేసిన ఎరువు ఆ దగ్గర్లోనే దొరుకుతుంది. దాన్ని తెచ్చి మట్టిలో కలుపుతున్నారు. గడ్డి విత్తనం చల్లి ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. పెంటకుప్ప విలువ తెలిసిన మన రైతులకు ఇందులో కొత్త ఏమీ లేదు. పని పూర్తయిందని చెప్పే గుర్తు కాంట్రాక్టరు బిల్లు కాదు, రెండో ఏడు కూడా తనంతట తాను మొలిచే గడ్డి.

వాగు విషయంలోనూ చనిపోయిందన్న మాట పూర్తిగా నిజం కాలేదు. ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ నెయిర్న్ బృందం 2008లో టార్ క్రీక్‌లో కలిసే ఒక చిన్న పాయ దగ్గర వరస చెరువులు కట్టింది. గని నీరు మొదటి చెరువులో గాలి తగిలి ఇనుమును అడుగున వదిలేస్తుంది. తర్వాత రెల్లు మడుగుల్లోకి పోతుంది. ఆపైన పుట్టగొడుగుల ఎరువు, చెక్కపొట్టు, సున్నపురాయి పరిచిన మడుగుల గుండా దిగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు జింకు, కాడ్మియం, సీసాన్ని పట్టి ఉంచుతాయి. మందులు కలపరు. వాలు, మొక్కలు, సూక్ష్మజీవులే ముఖ్యమైన పనివాళ్లు. ఆ పాయలోకి చేపలు తిరిగి వచ్చాయి.

తెగ వ్యవసాయ శాఖ పశువులను, అడవి దున్నలను పెంచుతోంది. 2017లో సొంత మాంసం శుద్ధి కేంద్రం తెరిచారు. 2021లో ఓక్లహోమా క్రిమినల్ అప్పీలు కోర్టు క్వాపా రిజర్వేషన్ ఎన్నడూ రద్దు కాలేదని తీర్పు చెప్పింది. నేలను శుభ్రం చేసుకుంటూ ఉండగానే ఆ నేల తమదేనన్న మాట కోర్టు నోట వచ్చింది.

పని ముగిసిందని మాత్రం అనుకోకండి. కోట్ల టన్నుల చాట్ ఇంకా అక్కడే ఉంది. టార్ క్రీక్ ఇప్పటికీ చాలా మేర ఎర్రగానే పారుతోంది. క్వాపాలు 1872 నుంచి జరుపుకుంటున్న జాతర మైదానం దగ్గర పారే బీవర్ క్రీక్‌లోకీ గని నీరు చేరింది. అరవై, డెబ్భై ఏళ్లు తవ్వినదాన్ని బాగుచేయడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టేలా ఉంది. ఈ పని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది దాని ముగింపు చూడరు. అది తెలిసే చేస్తున్నారు.

మనకు దీంతో పనేమిటి?

మన నేల కింద కూడా ఖనిజముంది. ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లోనే మొదలైంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తేల్చింది. ఆ తీర్పులో మనం తక్కువగా తలచుకునే మాట ఇంకొకటి ఉంది. గనుల లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్లు, బళ్లు, ఆసుపత్రులు, రోడ్లకు పెట్టాలని, అడవిని తిరిగి పెంచే ఖర్చు, పర్యావరణాన్ని కాపాడే ఖర్చు అందులో కలపకూడదని కోర్టు చెప్పింది. అంటే నేలను బాగుచేయడం దానం కాదు, వేరే లెక్కలో చెల్లించాల్సిన బాకీ.

చింతపల్లి వైపు బాక్సైట్ తవ్వకం ఉత్తర్వులు 2015లో వచ్చాయి, జనం అడ్డుకున్నాక 2019లో రద్దయ్యాయి. అదే 2019 సెప్టెంబరులో నల్లమల యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఒడిశాలో 2013లో నియమగిరి డోంగ్రియా కోంధుల 12 గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్నాయి. ఇవన్నీ 'వద్దు' అని చెప్పి గెలిచిన సందర్భాలు. గర్వపడాల్సినవే. కానీ ఎక్కడైతే తవ్వకం ఇప్పటికే జరిగిందో, జరుగుతోందో, అక్కడి నేల సంగతి చూసే చదువు కూడా మనకు కావాలి.

క్వాపాలకు సొంత ప్రభుత్వం ఉంది, మనకు లేదు నిజమే. కానీ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 1996 పెసా చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షను నీటి వనరులను, వాటి ఎగువ పరీవాహకాన్ని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. గనుల ప్రభావిత ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధులు పెట్టాలని 2015లో చట్ట సవరణ వచ్చింది. ఆ నిధిలో మన వాగు నీటి పరీక్షలకు ఎంత పెట్టారని గ్రామసభలో అడగొచ్చు. అడగడానికి ముందు ఆ నీళ్లలో ఏం చూడాలో తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కరైనా ఉండాలి.

అందుకే చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇది. మనలో డాక్టర్లు, టీచర్లు, పోలీసు ఉద్యోగులు అవుతున్నవాళ్లు పెరుగుతున్నారు, సంతోషం. రసాయన శాస్త్రం, వృక్ష శాస్త్రం, భూగర్భ శాస్త్రం, పర్యావరణ శాస్త్రం కూడా మన ఊరికి పనికొచ్చే చదువులే. డిగ్రీలో ఆ సబ్జెక్టు చదువుతున్నవాళ్లు సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక నోటుబుక్కు పెట్టండి. మన ఊరి వాగులు, ఊటలు, చలమల పేర్లు రాయండి. ఏ నెలలో ఏ నీళ్లు తాగుతామో, ఏ ఆకు, ఏ దుంప, ఏ చేప ఎక్కడిది తింటామో తాతను, అవ్వను అడిగి మన భాషలోని పేరుతో సహా రాయండి. నీటి రంగు, వాసన, చేపలున్నాయా లేదా అన్నది తేదీ వేసి రాయండి. దగ్గర్లో కాలేజీ ల్యాబు ఉంటే ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి, నీళ్లు పరీక్ష చేయించి ఆ కాగితం అందులోనే అంటించండి.

గని రాకముందు రాసిన పుస్తకం ఉంటే, వచ్చాక ఏం మారిందో చూపించొచ్చు. గని ఇప్పటికే ఉంటే, నేటి నుంచి రాసినదే రేపటి సాక్ష్యం. క్వాపాలు తమ నేలను తిరిగి పొందడంలో ప్రొక్లెయినర్లకు ఎంత పాత్ర ఉందో, తమ తిండిని, తమ మొక్కలను, తమ పాత పునాదులను తామే లెక్కించి చూపించడానికీ అంతే పాత్ర ఉంది.

వచ్చే ఏడాది సంచికకు మీ ఊరి నోటుబుక్కులోని రెండు పేజీలు పంపండి. వాగు పేరుతో పాటు అచ్చువేస్తాం.

జోహార్.